ఏడో మలుపులో దీపం లేదు

కిందటి వారం మనం ఎక్స్‌రే అక్కను విచారణాధికారి గది బయట, చేతిలో కవరుతో వదిలిపెట్టాం. ఆ కవరులో ఉన్నవి కొండ రోడ్డును ఆమె పది వారాలుగా రాత్రిపూట తీసిన ఫోటోలు. తొమ్మిది నెలల క్రితం అదే రోడ్డు మీద, ఏడో మలుపు దగ్గర, ఆమె భర్త నడుపుతున్న ఆఖరి ట్రిప్పు బస్సు గోతిలోకి ఒరిగిపోయింది. ప్రాణాలు పోలేదు గానీ ముగ్గురు ప్రయాణికులు నెలల తరబడి మంచాన పడ్డారు. డ్రైవరు మోకాలు చిట్లింది, ఉద్యోగం పోయింది. మలుపుల దగ్గర పదకొండు దీపాలూ ఆ రాత్రి వెలుగుతూనే ఉన్నాయని రోడ్లశాఖ దీపాల రిజిస్టరు చెప్పింది. దీపం వెలుగుతోందనీ, తప్పు తనదేననీ డ్రైవరు కూడా రాసిచ్చేశాడు.

కానీ ఆ రాత్రి ఆసుపత్రిలో ఆ మోకాలికి ఎక్స్‌రే తీసింది ఆమే. బల్ల మీద పడుకోబెట్టి "కదలకండి" అన్నప్పుడు అతను పళ్ళ బిగువున ఒకే ఒక్క మాట అన్నాడు. "మలుపు కనబడలేదే!" ఆ మాటకీ, తర్వాత అతను రాసిచ్చిన కాగితానికీ మధ్య ఏదో ఉందని ఆమెకు అప్పటినుంచీ మనసులో ముల్లు.

నిజానికి ఆమె కెమెరా పట్టుకున్నది సాక్ష్యం కోసం కాదు. గది దాటి బయటికి రాని భర్తకు, ఇరవై ఏళ్ళు రాత్రిళ్ళు తిరిగిన కొండను ఒక్కసారి చూపిద్దామని మొదలుపెట్టింది. వాటిల్లో ఒక వెలితి కనబడింది. దండలో ఒక పూస రాలిపోయినట్టు, ప్రతి ఫోటోలోనూ ఒకే చోట చీకటి. అతనికి చెప్పకుండా, విచారణ మళ్ళీ తెరవమని అర్జీ పెట్టింది.

అధికారి ఆ ఫోటోలన్నీ తిరగేసి కవరు వెనక్కి తోశాడు. "ఈ మసకలో దీపాలెన్నో ఎవరు లెక్కపెట్టగలరమ్మా? ఏడో దీపం వెలగట్లేదంటున్నారు. అసలక్కడ స్తంభం ఉన్నట్టు ఏ ఫోటోలో ఉంది? చీకటిని చూపించి దీపం ఆరిపోయిందంటే నమ్మేదెలా? ఈ వారం రిజిస్టరులో కూడా అన్నీ వెలుగుతున్నాయనే ఉంది. అది అబద్ధమని చూపించే ఫోటో ఒక్కటి, స్పష్టంగా ఉన్నది తెండి. ఆ రాత్రి రాసింది కూడా తిరగదోడిస్తాను. సోమవారం సాయంత్రం దాకా చూస్తా. ఆ తర్వాత ఫైలు మూసేస్తా."

అది గురువారం సంగతి.

* * *

శుక్రవారం పొద్దున్నుంచీ ఒకటే వాన. కొండ వైపు చూస్తే బూడిద రంగు తెర దించినట్టు ఉంది. ఈ రోజు పోయినట్టేననుకుని ఇంట్లో కూర్చోలేదామె. డ్యూటీ దిగగానే కెమెరా సంచీ చీర కొంగు కింద దాచుకుని నేరుగా స్టూడియో మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

మాస్టారు నలభై ఏళ్ళు పాస్‌పోర్టు ఫోటోలు తీసిన మనిషి. ఆ ఊళ్ళో చాలామందికి మొదటిసారి గడ్డం పైకెత్తమని చెప్పింది ఆయనే. స్టూడియో మూసేసి మూడేళ్ళయింది. నీలం గుడ్డ మాత్రం గోడకి ఇంకా వేలాడుతోంది. దాని ముందున్న స్టూలు మీద ఆయనే కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకుంటున్నాడు. తన దగ్గర మూల పడి ఉన్న కెమెరాను ఆమె చేతిలో పెట్టింది కూడా ఆయనే.

"ఏమంటాడు మీ అధికారి?"

"మసకగా ఉన్నాయంటున్నాడు మాస్టారూ."

"ఉన్నాయి కాబట్టి అన్నాడు. చెడిపోయినవి తెచ్చావా?"

"కాస్త బావున్నవి తెచ్చాను."

"బావున్నవి నేనేం చేసుకోను? మెచ్చుకుని పంపించాలా? నీ దగ్గర అన్నిటికంటే దరిద్రంగా వచ్చినవి ఇటు పెట్టు."

ఆమెకు ఒళ్ళు మండింది. అయినా కార్డు తీసి ఆయన పాత కంప్యూటరులో పెట్టింది. నూట నలభై ఫోటోలు. ఒక్కటీ చెరపలేదు. చిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆయన తెర దగ్గరికి ముఖం పెట్టాడు.

"ఇది చూడు. ప్రతి దీపానికీ తోకుంది. అన్ని తోకలూ ఒకే వైపుకున్నాయి. దీపాలు ఊగాయంటావా?"

"నేనే ఊగాను."

"బటన్ దేనితో నొక్కావ్?"

"వేలితో. మరి దేనితో నొక్కుతారు?"

"రోజుకి ఎంతమందికి చెప్తావమ్మాయ్, కదలొద్దని?"

"అరవై, డెబ్భై మందికి."

"ఈ కెమెరాకి ఒక్కసారైనా చెప్పావా?" ఆయన నవ్వలేదు. "నువ్వు వేలితో నొక్కినప్పుడు అది వణుకుతుంది. రెండు సెకన్ల టైమరు పెట్టు. నొక్కేసి చేతులు వెనక్కి కట్టుకో. అది ఊపిరి బిగపట్టి తనంతట తాను తీసుకుంటుంది. తర్వాత ఈ స్టాండు. మధ్యలో కడ్డీని పైకి లేపావు, కొంగ మెడలాగా. కొండ మీద గాలికి ఆ మెడ ఆడుతుంది. దించెయ్. కింద కొక్కేనికి బరువు కట్టు."

"ఎక్స్‌రే గదిలో ఇసుక సంచులుంటాయి మాస్టారూ. చేతులూ కాళ్ళూ కదలకుండా పెడతాం."

"నీ దగ్గర అన్నీ ఉన్నాయి. కొండెక్కగానే అన్నీ మర్చిపోతున్నావ్, అంతే." ఆయన ఇంకో ఫోటో తీశాడు. "ఇవి దీపాలా, ముద్దబంతి పూలా?"

ఆమెకు నవ్వొచ్చింది. నిజంగానే ప్రతి దీపమూ రేకులు విప్పుకుని పక్కదాని మీద పడి ఉంది.

"చీకటి కదా అని భయపడి, సెన్సిటివిటీ అంతా పైకి పెట్టేసి, ముప్పై సెకన్లు తెరిచి ఉంచావు. ఉన్న వెలుగంతా దోచుకొచ్చావు. ఇప్పుడు రెండు దీపాలకి మధ్య చీకటి ఉందో లేదో ఎవడు చెప్పగలడు?"

"ఎక్స్‌రే కూడా అంతే. ఎక్కువ కొడితే సన్నటి పగులు మాయమైపోతుంది," అంది ఆమె మెల్లగా.

"చూశావా! తెలిసిన ముక్కే. సెన్సిటివిటీ రెండు వందల దగ్గర కట్టెయ్. ఎనిమిది సెకన్లు చాలు. ఇక ఫోకసు. దాన్ని కెమెరాకి వదిలెయ్యొద్దు, చీకట్లో అది గుడ్డిది. తెర మీద ఒక దీపాన్ని పెద్దది చేసుకుని రింగు తిప్పు. దీపం చిన్నదయ్యే కొద్దీ తిప్పు. ఇంకా తిప్పితే మళ్ళీ పెద్దదవుతుంది చూడు, అంతకు ముందే ఆపు. ఆపాక చేత్తో తాకొద్దు."

"అతికించేస్తాను. ప్లాస్టరుంది."

ఆయన తల ఊపాడు. నూట నలభై ఫోటోలూ మొదట్నుంచి చివరిదాకా ఒకసారి పరుగెత్తించాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి అడిగాడు.

"ఎన్నింటికెళ్తున్నావ్ కొండ మీదికి?"

"డ్యూటీ దిగి, వంట చేసి, ఆయనకు పెట్టి... తొమ్మిదవుతుంది."

"అదే. ఈ తోకలూ పువ్వులూ చిన్న తప్పులు. పెద్ద తప్పు అదే. రాత్రి ఫోటో చీకట్లో తీసేది కాదమ్మాయ్."

ఆమె అర్థం కాక చూసింది.

"పొద్దు గుంకాక ఆకాశంలో కాస్త నీలం మిగులుతుంది. అప్పుడు కొండ గీత కనబడుతుంది, రోడ్డు కనబడుతుంది, దీపాలు కూడా వెలిగి ఉంటాయి. మన కంటికి అది సాయంత్రమే. కెమెరాకి మాత్రం బ్రహ్మాండమైన రాత్రి. నీలం పోయాక నువ్వెంత తన్నుకున్నా కొండ నల్ల గుడ్డే. ఆ అధికారి అడిగిందేంటి? స్తంభమెక్కడుంది అని. వెలగని దీపం చీకట్లో ఎక్కడైనా కనబడుతుందా?"

వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది ఆమెకు. పది వారాలు. అన్ని రాత్రులూ తను చూపించాలనుకున్నది చూపించడానికి వీల్లేని వేళకే వెళ్ళింది.

"స్తంభం కనబడాలి, దాని మీద దీపం లేదనీ కనబడాలి," అంది.

"ఆ రెండూ కలిసి ఉండేది మహా అయితే పావుగంట. నా మోకాళ్ళు బావుంటే నేనే వచ్చేవాణ్ణి. ఇవి తీసుకెళ్ళు," అని చిక్కుళ్ళు ఒక పొట్లం కట్టి ఇచ్చాడు. ఆయన దీవెనలు ఎప్పుడూ కూరగాయల రూపంలోనే ఉంటాయి.

* * *

శనివారం ఆకాశం కడిగిన పలకలా తేటగా ఉంది. ఆమె బతిమాలుకుని మధ్యాహ్నం డ్యూటీ మార్చుకుంది. అయిదింటికల్లా సంచీ సర్దేసింది. రెండు ఇసుక సంచులు, ప్లాస్టరు చుట్ట, లెన్సు తుడిచే మెత్తటి గుడ్డ.

భర్త ఎప్పటిలాగే కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. చేతికర్ర గోడకి ఆనించి ఉంది. "ఇవాళ ఇంత తొందరగానా?"

"ఆకాశం బాగుంది."

"ఫోటోలకి మరీ ఇంత పిచ్చి పట్టిందేంటి నీకు?"

"ఒక్కటైనా బాగా రావాలి కదండీ," అంది. అబద్ధం చెప్పలేదు. అంతకంటే ఎక్కువా చెప్పలేదు.

బయట మరిది స్కూటరు స్టార్టు చేసి ఉంచాడు. అతనికి ముప్పై అయిదేళ్ళు. రోడ్లశాఖలో దీపాల సెక్షన్లో పనిచేస్తాడు. ఊళ్ళో వీధి దీపాలు అతని పని. రెండు వీధుల అవతల భార్యతో వేరే కాపురం. వదిన కొండకు వెళ్ళాలన్న ప్రతిసారీ మారు మాట్లాడకుండా వచ్చి దింపి, ఆమె పని అయ్యేదాకా ఉండి తీసుకొచ్చేవాడు. అర్జీ సంగతి ఇంట్లో తెలిసింది అతనొక్కడికే.

"దీపాలు ఆరూ నలభైకి వెలుగుతాయి వదినా," అన్నాడు దారిలో. "టైమరు మీద నడుస్తాయి. ఏడు దాటితే చీకటి."

"అంటే ఇరవై నిమిషాలు."

"అంతే."

లోయకు ఇటువైపు గుట్ట మీద నీళ్ళ ట్యాంకు ఉంది. దాని పక్కన నిలబడితే ఎదురుగా కొండ రోడ్డు మొత్తం, గీత గీసినట్టు కనబడుతుంది. ఆమె చదునైన రాయి చూసి స్టాండు కాళ్ళు తెరిచింది. మధ్య కడ్డీ దించేసింది. కొక్కేనికి రెండు ఇసుక సంచులూ కట్టింది. చేత్తో తట్టి చూస్తే రాయిలో నాటినట్టు నిలబడింది. అప్పటిదాకా ఆమెకు రాని ధైర్యం ఆ బిగువుతో వచ్చింది.

ఆరూ నలభై. ఎదురు కొండ మీద దీపాలు ఒక్క క్షణం వణికి వెలిగాయి.

మరిది ఆమె పక్కనే నిలబడి వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు..." ఆగాడు. "ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు."

ఏడు అనలేదు. ఆమె అప్పుడది గమనించలేదు. ఆమె కళ్ళన్నీ తెర మీదే ఉన్నాయి. లెన్సును దగ్గరికి లాగి, ఆరో దీపాన్ని పెద్దది చేసుకుని రింగు తిప్పింది. ముద్దబంతి చామంతి అయింది, చామంతి మల్లెమొగ్గ అయింది, మల్లెమొగ్గ ఆవగింజ అయింది. ఇంకొంచెం తిప్పితే మళ్ళీ ఉబ్బింది. వెనక్కి వచ్చి ఆవగింజ దగ్గర ఆగింది. ప్లాస్టరు ముక్క చించి రింగు మీద అడ్డంగా అతికించింది.

మొదటి ఫోటో. ఎనిమిది సెకన్లు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తెర మీద వచ్చింది చూసి మనసు చివుక్కుమంది. ఆకాశం ఇంకా తెల్లగా ఉంది. దీపాలు పగటి చుక్కల్లా వెలవెలబోయాయి.

"తొందరపడ్డాం," అన్నాడు మరిది.

"ఆగుదాం."

ఆగడం అన్నిటికంటే కష్టమైపోయింది. ఆరూ యాభై. గాలి లేచింది. ఇసుక సంచులున్నా లెన్సు మూతి సన్నగా అదురుతోంది. రెండో ఫోటోలో దీపాలకు మళ్ళీ తోకలు పుట్టాయి. ఆమె ఏమీ అనకముందే మరిది తన జర్కిను విప్పి, రెండు చేతులతో చాచి పట్టుకుని, గాలి వచ్చే వైపు గోడలా నిలబడ్డాడు. చలికి అతని చేతులు వణుకుతున్నాయనుకుంది ఆమె.

"వేసుకో, జబ్బు చేస్తుంది."

"ఫర్లేదు. నువ్వు తియ్యి వదినా. త్వరగా తియ్యి."

మూడోది బాగుందనిపించింది. పెద్దది చేసి చూస్తే మొత్తం పొగమంచు పట్టినట్టు ఉంది. లెన్సు మీద చెమ్మ! అరచేతిలో వెచ్చబెట్టుకున్న గుడ్డతో తుడిచింది. ప్లాస్టరుకు వేలు తగలకుండా తుడవడానికి ఊపిరి బిగపట్టాల్సి వచ్చింది. ఆరూ యాభై ఎనిమిది. ఆకాశం నీలం ముదిరి, కొండ అంచు ఒక్కటే ఇంకా తేటగా ఉంది.

ఎవరైనా చూసి ఉంటే నవ్వుకునేవాళ్ళేమో. ఆమె కెమెరా వైపు తిరిగి, రోజూ అరవై మందికి చెప్పే గొంతుతోనే, మెల్లగా అంది. "కదలొద్దు. ఊపిరి బిగపట్టు."

నొక్కింది. రెండు సెకన్లు. కెమెరా లోపలి తలుపు తెరుచుకున్న చప్పుడు. ఎనిమిది సెకన్లు. తలుపు మూసుకున్న చప్పుడు.

తెర వెలిగింది. ఆమె దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. రోడ్డు అంచున తెల్ల సున్నం గీతలు కనబడుతున్నాయి. పది దీపాలూ పది ఆవగింజల్లా విడివిడిగా ఉన్నాయి. ఆరో దీపానికీ ఎనిమిదో దీపానికీ మధ్య, నీలం ఆకాశానికి ఎదురుగా, ఒక స్తంభం నిటారుగా నిలబడి ఉంది. దాని చెయ్యి రోడ్డు మీదికి చాచి ఉంది. ఆ చేతి చివర దీపం బుడ్డీ కూడా కనబడుతోంది. నల్లగా.

మరిది జర్కిను దించి, భుజం మీంచి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"వచ్చింది వదినా," అన్నాడు.

ఆమె అలాంటివే ఇంకో మూడు తీసింది. ఆ తర్వాత నీలం ఆరిపోయింది.

* * *

ఇంటి ముందు స్కూటరు దిగి, అతను బండి నిలబెడుతుంటే ఆమె గబగబా లోపలికి వెళ్ళింది. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు. కెమెరా తెర వెలిగించి భర్త ఒళ్ళో పెట్టింది.

అతను మొదట కొండ అందం చూశాడు. ముఖంలో ఏదో కరిగింది. "అబ్బ... ఎంత బాగా తీశావ్. ఇదిగో మూడో మలుపు, ఇక్కడ ఎప్పుడూ హారను కొట్టేవాణ్ణి..." వేలు రోడ్డు వెంట పైకి పాకింది. ఆరో దీపం దగ్గర ఆగిపోయింది.

"ఏడోది చూడండి," అందామె. "స్తంభం ఉంది, దీపం లేదు. ఈ రోజు కూడా లేదు. రిజిస్టరులో మాత్రం వెలుగుతోంది. నేను అర్జీ పెట్టానండీ. సోమవారం ఈ ఫోటో ఇస్తే ఆ రాత్రి విచారణ మళ్ళీ తెరుస్తారు."

అతను కెమెరాను బల్ల మీద పెట్టాడు.

"చెరిపెయ్."

"ఏంటండీ?"

"చెరిపెయ్యమన్నా. అర్జీ వెనక్కి తీసుకో. నువ్వు నన్నడక్కుండా ఎందుకు పెట్టావ్?"

"అడిగితే వద్దంటారని."

"వద్దనే అంటున్నాగా!"

తొమ్మిది నెలల్లో అతను గొంతెత్తడం అదే మొదటిసారి. ఆమె కదల్లేదు. ఎదురుగా పీట లాక్కుని, అతని మోకాలికి మోకాలు ఆనేంత దగ్గరగా కూర్చుంది.

"ఆ రాత్రి ఎక్స్‌రే బల్ల మీద మీరు నాతో ఏమన్నారో గుర్తుందా? మలుపు కనబడలేదన్నారు. వారం తిరక్కుండా, దీపం వెలుగుతోంది, తప్పు నాదే అని రాసిచ్చారు. రెండిట్లో ఏదో ఒకటే నిజం. ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ అనలేదు."

"బెదిరించారా?"

"లేదన్నానుగా."

"మరెందుకు రాశారు? రోజంతా ఈ కుర్చీలో కూర్చుని, నేను నిద్రపోయానేమో, నా కళ్ళు పోయాయేమో అని మిమ్మల్ని మీరు తినేసుకుంటున్నారనుకున్నాను. వంట గదిలోంచి మీ వైపు చూడాలంటే భయం వేసేది. మీకు ముందే తెలుసన్నమాట, ఆ దీపం లేదని!"

అతను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "తెలుసు. అప్పటికే మూడు వారాలుగా లేదు. ఆ రాత్రి పొగమంచు కూడా ఉంది. ఇరవై ఏళ్ళ రోడ్డు, కళ్ళు మూసుకునైనా తోలతానన్న పొగరు నాది. స్పీడు తగ్గించలేదు. కాబట్టి తప్పు నాది కూడా."

"నాది కూడా అన్నారు. ఇంకొకరెవరు?"

అతని చూపు ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు వెళ్ళింది. ఆమె వెనక్కి తిరిగింది.

గుమ్మంలో మరిది నిలబడి ఉన్నాడు. చేతిలో ఇసుక సంచులు.

"చెప్పెయ్ అన్నయ్యా," అన్నాడు. "లేదంటే నేనే చెప్తా. కొండ రోడ్డు దీపాలు చూసే మనిషి సెలవు పెడితే మూడు నెలలు ఆ రోడ్డు నాకు వేశారు వదినా. ఆ రాత్రి రిజిస్టరులో సంతకం నాది."

ఆమెకు ముందుగా గుర్తొచ్చింది జర్కిను. గాలికి అడ్డంగా చాచి పట్టుకున్న ఆ రెండు చేతులు. ఏడు అనకుండా ఎనిమిదికి దూకిన ఆ లెక్క. ఇతని మెడకే ఉరితాడయ్యే ఫోటో కోసం ఇన్ని వారాలూ ఆమెను తీసుకెళ్ళి తీసుకొచ్చింది ఇతనే!

"తెలిసే తీసుకెళ్ళావా నన్ను?"

"తెలిసే. ప్రతిసారీ ఇవాళ సరిగ్గా రాకపోతే బాగుండనుకునేవాణ్ణి. రాకపోతే ఏడుపొచ్చేది." అతను సంచులు కింద పెట్టాడు. "అన్నయ్య నాతో రెండుసార్లు అన్నాడు, ఏడోది వెలగట్లేదురా అని. రేపు చూస్తా అన్నాను. వెలుగుతోందని రాశాను."

"వాడికి అప్పుడే ఉద్యోగం పర్మనెంటు అయ్యే టైము," అన్నాడు భర్త, ఎటూ చూడకుండా. "నా కాలు ఎలాగూ పోయింది. మళ్ళీ స్టీరింగు పట్టలేను. ఒకడి బతుకైనా నిలబడితే చాలనుకున్నా."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెప్తే నువ్వూరుకుంటావా?"

ఊరుకోదు. ముగ్గురికీ తెలుసు. ఆమె లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగింది. గ్లాసు బోర్లించి, తిరిగి వచ్చి, గది మధ్యలో నిలబడింది. ఏడవలేదు.

"ఆ బస్సులో ముగ్గురు ఆడవాళ్ళకి నడుములు విరిగాయి. వాళ్ళకి ఎక్స్‌రేలు తీసింది నేనే. ఆ దీపం ఇవాళ్టికీ వెలగట్లేదు. రేపు ఇంకో బస్సు అదే దారిలో వస్తుంది. మీరిద్దరూ ఒకరినొకరు కాపాడుకున్నారు, బాగానే ఉంది. ఆ మలుపును ఎవరు కాపాడతారు? సోమవారం ఈ ఫోటో వెళ్తుంది. చెరిపేది లేదు." ఆమె మరిది వైపు తిరిగింది. గొంతు మెత్తబడింది, మాట మెత్తబడలేదు. "దానితో పాటు నువ్వొస్తావా, లేకపోతే అది నీ మీదికొస్తుందా, నువ్వే తేల్చుకో."

"వస్తాను," అన్నాడు అతను వెంటనే. "నేనే వచ్చి చెప్తాను. కానీ వదినా, మీ ఇద్దరికీ తెలియనిదొకటుంది."

"ఇంకేముంది?"

"అన్నయ్య బస్సు పడటానికి మూడు వారాల ముందు, అదే మలుపులో, మా ఆఫీసు జీపు జారిపోయింది. వెనక చక్రం గట్టు రాయికి తట్టుకుని ఆగింది. లేకపోతే లోయే. తెల్లారేలోపు ట్రాక్టరుతో లాగించేశారు. ఎక్కడా రాయలేదు. ఆ జీపు తోలింది నేను. దీపం పోయిందని నాకు అలా తెలిసింది. పొద్దున్నే రిజిస్టరులో రాయబోతే రాయనివ్వలేదు. రాస్తే జీపు సంగతి బయటికొస్తుందని."

"ఎవరు రాయనివ్వలేదు?"

"నా పక్క సీట్లో కూర్చున్నాయన."

భర్త కుర్చీలో ముందుకు వంగాడు. "ఎవడ్రా?"

మరిది పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆమె బల్ల మీది తెల్ల కాగితం, పెన్నూ తీసి అతని ముందు పెట్టింది.

"నోటితో చెప్పలేకపోతే రాయి. తేదీతో సహా రాయి. జీపు, మలుపు, దీపం, అన్నీ. ఆయన పేరు మొదటి లైన్లోనే రాయి."

అతను కింద కూర్చుని పెన్ను మూత తీశాడు. ఒక్క అక్షరం పడింది. రెండోది పడింది. తమ్ముడి భుజం మీదుగా చూస్తున్న భర్త, తొమ్మిది నెలల్లో మొదటిసారి, చేతికర్ర ఊసే మరిచి లేచి నిలబడ్డాడు.

"ఆయనా!" అన్నాడు.